దగడీ పూల్ మీద ఎవ్వరూ లేరట

మా రాతి వంతెన గురించి ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. సిరొంచకు ఎవరైనా వస్తే ప్రాణహిత రేవు చూస్తారు, గోదావరి కలిసే చోటు చూస్తారు, పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోతారు. పాత కాలువ సంగతి అడిగినవాళ్ళకు బజారులో ఎవరో ఒకరు నోటికొచ్చింది చెప్పి పంపుతారు. ఆ కాలువ ఒడ్డున పుట్టి, అక్కడే వరి పండించుకుంటూ మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను అడగరు. కాబట్టి అడక్కుండానే చెబుతున్నాను.

తెల్లదొరలు పడవలు నడపడానికి ఆ కాలువ తవ్వించారని మా తాత చెప్పేవాడు. వానాకాలంలో తప్ప అందులో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. దానిమీద నల్లరాతి వంతెన, మూడు కమాన్లు. పిట్టగోడ రాళ్ళకు లోతుగా గాడులుండేవి. కోతలకు వెళ్ళేవాళ్ళు తరతరాలుగా కొడవళ్ళు నూరుకున్న గాడులవి. ఇవతలి ఒడ్డున మా ఇల్లు. అవతలి ఒడ్డున నా స్నేహితుడి ఇల్లు. వాళ్ళది కిరాణా వ్యాపారం. సాయంత్రమైతే పిట్టగోడ మీద ఇద్దరం కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళం.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మరాఠీలో పూల్ అంటే వంతెన, ఫూల్ అంటే పువ్వు. మా నోటికి రెండూ ఒకటే. ‘మా ఇంటి ముందు రాతి వంతెన ఉంది’ అని రాయమంటే ఇద్దరం ‘దగడీ పూల్’ అనడానికి బదులు ‘దగడ్ ఫూల్ ఉంది’ అని రాశాం. దగడ్ ఫూల్ అంటే మసాలాలో వేసే రాతిపువ్వు. “మీ ఇంటి ముందర మటన్ ఉడుకుతుందారా?” అని మాస్టారు వేళ్ళ కణుపుల మీద కొట్టాడు. ఆ దెబ్బతో నాకు తేడా తెలిసింది. వాడికీ తెలిసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తరవాత వాడు బజారులో దుకాణం పెట్టి, పైన ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. వాడి వెనకే కాలువ వాడంతా ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది. బిడ్డ పెళ్ళికి పసుపు పెట్టిన పత్రికను చాయ్ హోటలువాడి చేతికిచ్చి నాకు పంపాడు. వంతెన దాటి వచ్చి ఇవ్వడానికి వాడికి తీరలేదు. నేను పెళ్ళికి వెళ్ళలేదు. ఎందుకు రాలేదని వాడూ అడగలేదు.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. ప్రాణహిత మీద ఇంకా వంతెన లేదు, పడవలే దిక్కు. నదికి లేని వంతెన ఎండు కాలువకెందుకనుకున్నారో ఏమో, రాళ్ళు పీకి రోడ్డు పనికి వాడతారని మాట పుట్టింది. ఊరి భూముల లెక్క చూసే తలాఠి ఒకరోజు పొలం గట్టున కనబడి చెప్పాడు.

“రేపు పాత కట్టడాలు చూసే పెద్ద సాబు వస్తున్నడు కాకా. పాతదని ఆయన రాసుకపోతే దాన్ని ఇగ ఎవ్వలు ముట్టరు. నువ్వు ఆడనే ఉండు.”

ఉన్నాను. తెల్లవారకముందే ముళ్ళకంప నరికాను. వంతెన ఊడ్చాను. కొడవలి గాడుల్లో పేరుకున్న మట్టిని పుల్లతో తీశాను. ఉతికిన ధోతి కట్టుకుని పిట్టగోడ మీద కూర్చున్నాను. సాబు ఏమడిగితే ఏం చెప్పాలో మరాఠీలో లోలోపలే అనుకున్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది, దిగింది. మేకలు వచ్చాయి, పోయాయి. జీపు రాలేదు.

తరవాతి అంగడి రోజున రేగుంట నుంచి కూరగాయలు తెచ్చే ఆమె వంతెన మీద గంప దించి, నన్ను చూసి నవ్వింది.

“ఏందే, నవ్వుతున్నవ్?”

“నీ దోస్తు దుకాణం కాడ మొన్న ఒకటే నవ్వులు కాకా. జీపుల సాబులు దిగి ‘దగడీ పూల్ కుఠే?’ అని తొవ్వ అడిగిండ్రు. సేటు రాతిపువ్వు పొట్లం చేతుల పెట్టి ‘గిదే సాబ్, ఎంత గావాలె?’ అన్నడు. సాబు కడుపు పట్టుకొని నవ్విండు. చాయ్ తాగిండ్రు. మల్ల ఏటపల్లి దిక్కు పోయేదున్నదని లేసిండ్రు.”

“మరి వంతెన సంగతి?”

“అడిగిండు, ఒకాయన అడిగిండు. సేటే అన్నడు, ‘ఆడ ముళ్ళకంప తప్ప ఏం లేదు సాబ్, ఎవ్వలు లేరు’ అని.”

ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను లేచి నేరుగా బజారుకు నడిచాను. వాడు కొత్తగా కొన్న సెల్‌ఫోను చెవికి పెట్టుకుని, నన్ను చూసి చేత్తో ఆగమన్నాడు. ఆగాను. మాట్లాడటం అయ్యాక గల్లా మీదికి వంగి, “ఏం గావాలెరా?” అన్నాడు.

“పూల్‌కు ఫూల్‌కు తేడా తెల్వదా నీకు? కణుపుల మీద దెబ్బలు మర్చినవా?”

“ఓ, గదా! జర మజాక్ చేసిన. సాబులు కూడ నవ్విండ్రు.”

“ఎవ్వలు లేరని ఎందుకన్నవ్?”

వాడు తరాజులోకి చూశాడు. “ఆ రాళ్ళు పట్టుకొని ఎన్నేండ్లు ఏడుస్తవ్ రా? ఊరంత ఇటు వచ్చింది. నువ్వు గూడ రా.”

“నేను అడిగింది గది కాదు.”

ఇంతలో ఎవరో వచ్చి పావుకిలో ధనియాలు అడిగారు. వాడు అటు తిరిగాడు. కాసేపు నిలబడి చూశాను. మళ్ళీ ఇటు తిరగలేదు.

ఎండాకాలం ముదిరేసరికి గడ్డపారలు, ట్రాక్టరు వచ్చాయి. తలాఠిని అడిగితే, “సాబు ఏం రాసుకోలే కాకా” అన్నాడు. ముందు పిట్టగోడ పీకారు. కొడవలి గాడుల రాళ్ళు ట్రాక్టరులో దొర్లుతుంటే ఆ చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది. కమాన్లు మాత్రం వాళ్ళకు లొంగలేదు. దొరికిన రాళ్ళు చాలనుకుని వాటిని వదిలేశారు.

ఇప్పటికీ సాయంత్రం వెళ్తాను. కూర్చోవడానికి గోడ లేదు, అంచున నిలబడతాను. అవతల వాడి పాత ఇంటికి తాళం అట్లాగే ఉంది, పైన పెంకులు కూలాయి. ఇవతల మా ఇంట్లో దీపం నేను వెళ్ళి పెడితేనే వెలుగుతుంది. ఈ మధ్యలో మాట్లాడే మనిషి లేడు.

రాళ్ళు పోయాయి, అవి నేను అడగను. మజాక్ అన్నావు, సరే. కానీ ఆ రోజు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఉతికిన ధోతితో వంతెన మీద కూర్చున్నది నేను. ‘ఆడ ఎవ్వలు లేరు’ అన్నది నువ్వు. నేనున్నానని నీకు తెలుసు, నేనెక్కడికీ పోనని నీకంటే బాగా తెలిసినవాడు ఈ ఊళ్ళో లేడు. ధనియాలు కట్టివ్వడం అయిపోయిందిగదా. ఇగ ఇటు తిరిగి చెప్పు రా, నేను ఎవ్వల్ని?