మామ బొటనవేలు

నిన్న కొత్త నేతచీర మడత విప్పగానే గంజివాసన గుప్పుమంది, వెనకే నలభై ఏళ్లనాటి చిరాకూ తన్నుకొచ్చింది.

ఎనభైల మొదట్లో తిరుత్తణిలో మా వీధంతా మగ్గాలే. పొద్దున్నే వీధి పొడుగునా పడుగులు చాపి గంజి పట్టించేవాళ్లు, పిల్లలం ఆ దారాల కింద దూరి ఆడుకుని తిట్లు తినేవాళ్లం, అక్టోబరులో, ఐప్పసి నెల వానలకు మగ్గం గుంటల్లో నీళ్లూరితే నేత ఆగిపోయి మగవాళ్లు కూలికి పోయేవాళ్లు. అట్లా తిరువళ్ళూరు రైసుమిల్లుకు పోయిన మా మామ, అంటే మేనత్త మొగుడు, బెల్టులో కుడి బొటనవేలు తెగి, ఆస్పత్రి నుంచి దాన్ని గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చాడు. అత్త దాన్ని మగ్గం గుంటలో, ఆయన కాళ్లు పెట్టే చోట పూడ్చింది. తెగిన పోగు అతకాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలపాలి. ఆయన మళ్లీ నేయలేదు, ఆడవాళ్లతో కూర్చుని నూలు కండెలు చుట్టాడు. ఆస్పత్రిలో కనిపెట్టుకున్న నర్సమ్మ మాట పట్టుకుని అత్తా మామా క్రైస్తవంలో కలిశారు.

ఈస్టరుకు అత్త వడలూ పాయసమూ పెడుతూ, పాపమూ చావూ ఓడిపోయాయనీ, పోయినవాళ్లంతా ఇదే ఒంటితో లేస్తారనీ చెప్పేది. దేవుడు లేడని సభల్లో ప్రసంగాలు చేసే మా నాయన ఆ వడలే తింటూ వాదించేవాడు. మట్టిలో కలిసిన కన్ను మళ్లీ చూస్తుందా? కాలిపోయినవాళ్ల గతేమిటి? నేను నాయన పక్షం. నెగ్గేదీ మేమే, పాయసం మళ్లీ అడిగేదీ మేమే.

మూడేళ్లకు మామ జ్వరంతో పోయాడు. అత్త శవపెట్టె మూయనివ్వలేదు.

"అన్నా, మగ్గం గుంట తవ్వు. ఆయన వేలు ఆయనకీయాల."

"మూడేండ్లయిందే! యాడుంటుంది మే వేలు?" అన్నాడు నాయన.

పాస్టరయ్యా విసుక్కున్నాడు. "దేవుడు అన్నీ సరిచేసి లేపుతాడమ్మా. వేలు ఒక లెక్కా?"

"ఆయన చేసేది ఆయన చేస్తాడయ్యా. మనమిచ్చేది మనమీయాల. లేసినాక పోగు అతకబోయి వేలు ఎతుక్కుంటే?"

"పైన మగ్గాలుండాయా?" అన్నాడు నాయన.

"లేకుంటే నేసేటోళ్లకు అదేం పరలోకం?"

నమ్మినవాడూ నమ్మనివాడూ ఒకటై చెప్పినా ఆమె కదలలేదు. ఎండ ఎక్కుతోంది. "సరి, పూడ్చిన తావు చూపియ్యి" అని గొణుక్కుంటూ నాయన గుంటలోకి దిగాడు. ఎంత తవ్వినా నల్లమన్నూ దారపు తుక్కూ తప్ప ఏమీ లేదు. లేదని గట్టిగా చెప్తాడు, మా వాదం నెగ్గుతుంది అనుకున్నాను. ఆయన గుప్పెడు మన్ను తువ్వాల కొసలో మూటగట్టి, మామ కుడిచేతిలో పెట్టాడు. అత్తే పెట్టె మూసింది.

"అబద్దం ఆడినావు నాయనా" అన్నాను, తిరిగొస్తుంటే.

"ఏది అబద్దం? వేలు మన్నే అయింటుంది. ఉండేదే ఇచ్చినా."

ఆ జవాబు ఇప్పటికీ నాకు మింగుడుపడదు. గుంటలు పూడ్చి టైల్స్ పరిచారు, పడుగు చాపిన చోట కార్లు నిలుస్తున్నాయి, అత్తా నాయనా ఇద్దరూ లేరు. చచ్చినవాళ్లు లేవరు, వేదికలెక్కి చెప్తూనే ఉన్నాను. మైకుల్లో అరిచే మత ప్రసంగీకులతో వాదిస్తే ఇట్టే నెగ్గుతాను, నెగ్గాక అంతా చప్పగా ఉంటుంది. ఒక మనిషి వేలితో సహా తిరిగి కావాలని పట్టుబట్టే ఎదుటిపక్షం నాకిప్పుడు ఎక్కడా దొరకడం లేదు.