నలభై కాయలు, ఒక పిందె

బొమ్మల కథలు పిల్లల కోసమేననేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెద్ద చదువులు చదివినవాళ్లే ఆ మాట ఎక్కువగా అంటారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. నేను బడిలో కూర్చున్నవాణ్ణి కాదు. మామిడికాయల గంపల్లో పరిచే పాత కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి అచ్చులో ఉన్న ప్రతి మాటా నిజమనిపిస్తుంది. అందులో తప్పు దొరికితే సొంత మనిషి అబద్ధమాడినంత కోపం వస్తుంది. ఆ కోపంతోనే నేను ఒకసారి చాలా పెద్ద పొరపాటు చేశాను.

నా పని చెట్టు చూసి కాపు చెప్పడం. నూజివీడు చుట్టుపక్కల తోటలు పూత మీదో పిందె మీదో చేతులు మారతాయి. అప్పుడు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నన్ను పిలిచేవారు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగేవాణ్ణి. మనసులోనే దాన్ని నాలుగు పాయలు చేసి, ఒక పాయలో కాయలు లెక్కపెట్టి, ఎండ బాగా తగిలే వైపుకు కొన్ని కలిపి, గాలికి రాలేవి కొన్ని తీసేసి ఒక అంకె చెప్పేవాణ్ణి. కోత రోజున ఆ అంకె పెద్దగా తప్పేది కాదు. మైలవరం దాకా నా మాటకు విలువ ఉండేది. ఆ గర్వం నాకు లేదంటే అబద్ధం.

మా అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. బావ పోయాక నా దగ్గరే ఉండేది. నాకు పెళ్లాం పిల్లలు లేరు. ఎందుకు లేరన్నది ఇక్కడ అనవసరం. వేసవి వస్తే అక్క రసాలు పిండి ఈతచాపల మీద తాండ్ర పోసేది. ఒక పొర ఎండితే గానీ ఇంకో పొర పొయ్యకూడదు. ఆ ఓపిక ఆమెకుంది, నాకు లేదు. ఎనభైల మొదట్లో ఆమె రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. ముదిరాక గానీ ఆపరేషన్ చెయ్యకూడదని విజయవాడలో డాక్టరు చెప్పి పంపాడు.

"నా కంట్లో కాయ ఇంకా పక్వానికి రాలేదంటరా," అంది ఇంటికొచ్చి. "నువ్వే చూసి చెప్పు, కోత ఎప్పుడో."

ఆ ఏడే ఒకరోజు రెడ్డిగూడెం బస్సు కోసం నూజివీడు బస్టాండులో నిలబడ్డాను. పుస్తకాల కొట్టు ముందు తీగకు వేలాడుతున్న పిల్లల మాసపత్రిక ఒకటి గాలికి తెరుచుకుంది. లోపల ఒక నది కోటమెట్లు ఎక్కుతోంది. పారడం కాదు, ఎక్కడమే. మోకాలి మీద చెయ్యి వేసుకుని ఎక్కే ముసలావిడలా, ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టు వేశాడు ఆ చిత్రకారుడు. నీళ్లకు ఆయాసం ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు. నేను చూస్తూ ఉండగానే బస్సు వెళ్లిపోయింది.

"మీ ఇంట్లో పిల్లలెవరండీ?" అన్నాడు కొట్టాయన, పత్రిక కొంటుంటే.

"నేనే," అన్నాను.

అది ఆ బొమ్మల కథకు మొదటి భాగం. ఒక కుమ్మరి పల్లె ఒక్క పూటలో మాయమైపోతుంది. మట్టి తేవడానికి వెళ్లిన ఒక పిల్ల మాత్రం మిగులుతుంది. ఆ పిల్ల తిరిగొచ్చేసరికి కుండలు కాల్చే ఆవంలో నిప్పు మండుతూనే ఉంటుంది, సారె మీద సగం కుండ తిరుగుతూనే ఉంటుంది, మనుషులు మాత్రం ఉండరు. మెట్లెక్కే నది వెంబడి ఆ పిల్ల తనవాళ్లను వెతుక్కుంటూ బయలుదేరుతుంది. పైన కోటలో నీడ లేని రాణి ఒకతె ఉంటుంది.

ప్రతి నెలా పత్రిక తెచ్చిన రోజు మధ్యాహ్నం, అక్క వాకిట్లో కూర్చుంటే, వేసవి నెలల్లో అయితే కర్ర పట్టుకుని తాండ్ర చాపల దగ్గర కాకుల్ని తోలుతుంటే, పక్కన కూర్చుని చదివేవాణ్ణి. అక్షరాలు రెండు నిమిషాల్లో అయిపోయేవి. అసలు పని ఆ తర్వాత మొదలయ్యేది.

"ఇప్పుడు బొమ్మ చెప్పు," అనేది అక్క.

"పిల్ల నడుస్తోంది. వెనక కొండ."

"ఇంకా?"

"అంతే."

"అంతే అంటే ఎట్టారా? మూలల్లో ఏముందో చెప్పు. డబ్బులిచ్చింది మూలలక్కూడానుగా."

ఆమె అడగబట్టి నేను మూలలు చూడటం నేర్చుకున్నాను. రాణి జడలో ఒక్కో పాయా ఒక దారి అనీ, ఆ దారుల మీద చీమల్లా బళ్లు పోతున్నాయనీ అలా కనపడ్డదే. ఒక నెలలో ఒక్క అక్షరం లేకుండా రెండు పేజీలు వేశాడు. పగిలిన కుండపెంకుల ఎడారిని ఆ పిల్ల ఒంటరిగా దాటుతోంది. ప్రతి పెంకులోనూ ఒక చిన్న ఆకాశం మెరుస్తోంది. అది అక్కకు చెప్పబోయి మళ్లీ మళ్లీ మొదటి పెంకు దగ్గరకే వచ్చాను. నేను తోటలు చూసి బతికినవాణ్ణి, అంత చోటు ఎక్కడా చూడలేదు. నాలుగు గీతల మధ్య ఆ మనిషి అంత చోటు ఎక్కణ్ణుంచి తెచ్చాడో నాకిప్పటికీ అర్థం కాదు.

అయిదో భాగంలో కోట ముంగిలి వచ్చింది. ఒక మూల, బొటనవేలంత మామిడిచెట్టు ఉంది. కథలో దాని ఊసే లేదు. కాయలు ఆవగింజలంత ఉన్నాయి. అయినా ముక్కు తిరిగిన తీరు చూస్తే చిన్నరసాలని తెలిసిపోయింది. మామిడి తెలిసినవాడే వేశాడని మురిసిపోయాను. చెట్టు కనపడితే లెక్కపెట్టడం నా జబ్బు. చీపురుపుల్ల పెట్టి లెక్కపెట్టాను. నలభై కాయలు, ఒక పిందె.

మరుసటి నెల ముంగిలి మళ్లీ వచ్చింది. ముప్పై ఏడు కాయలు. ఆ తర్వాత ముప్పై నాలుగు. పిందె మాత్రం అలాగే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ముక్కు అంత బాగా వేసినవాడికి లెక్క నిలబెట్టడం రాదా? పక్వానికొచ్చిన కాయల మధ్య ఆ ఒక్క పిందె ఎక్కణ్ణుంచి వచ్చింది? చదివేది పిల్లలేగా, ఎవరు లెక్కపెడతారులే అనుకున్నాడని నాకు తోచింది. ఆ రోజే పోస్టుకార్డు కొన్నాను. "అయ్యా, మీ కోట ముంగిట్లో చెట్టుకు నెలనెలా కాయలు తగ్గుతున్నాయి. కోసినట్టు కథలో ఎక్కడా లేదు. పండబోయే కాయల మధ్య పిందె ఉండదు. చెట్టును చూసి బొమ్మ వెయ్యమని మీ చిత్రకారుడికి చెప్పండి," అని రాసి, అక్కకు చదివి వినిపించాను.

అక్క కాకుల కర్ర కింద పెట్టింది. "కోసినట్టు రాయకపోతే కొయ్యలేదనా? మన తోటల్లో కోసేవాళ్లంతా నీకు చెప్పే కోస్తున్నారా?"

"అది దొంగతనం. ఇది కథ."

"కాయలు తగ్గుతున్నాయంటే ఎవరో ఒకళ్లు కోస్తున్నట్టేగదరా."

"నీకు బొమ్మ కనపడదు. ఊరుకో," అన్నాను.

అనకూడని మాట అది. ఆమె చాప మీద ఈగ రొద విని చేత్తో తోలింది.

కార్డుకు జవాబు రాలేదు. ఆ తర్వాతి భాగంలో కాయలు ముప్పై మూడయ్యాయి. పత్రిక తీసుకెళ్లి బస్టాండు కొట్టు బల్ల మీద పడేశాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చూస్తుండగా, ఇక ఈ పత్రిక ముట్టుకుంటే ఒట్టు అన్నాను.

"కాయలు తగ్గాయని కథ మానేస్తారాండీ?" అన్నాడు కొట్టాయన.

"అబద్ధం చెప్పేవాడి కథ నాకెందుకు?" అన్నాను.

ఆ నెల అక్క, పత్రిక రాలేదా అని అడిగింది. మానేశానని చెప్పాను.

"కోపం వచ్చింది నీకు. మానేస్తే నువ్వు మానెయ్. నా కథెందుకు ఆపావు?"

అయినా నేను తగ్గలేదు. అప్పటికి ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. తాండ్ర కూడా వేళ్లతో తడిమి పోసేది. లోకంలో ఆమె చూస్తున్నవి ఆ బొమ్మలొక్కటే, అవీ నా నోటితో. వాటిని నేను ఆపేశాను. రెండు నెలలు ఆమె నన్ను మళ్లీ అడగలేదు. ఎండలో ముఖం పెట్టుకుని కూర్చునేది. పిల్ల ముంగిట్లోకి వచ్చిందో లేదో అని ఒకసారి తనలో తను అనుకోవడం విన్నాను. వినపడనట్టే లేచి వెళ్లిపోయాను.

ఒకరోజు నేను తోట చూసి ఇంటికొచ్చేసరికి అక్క లేదు. కాసేపటికి గోడలు పట్టుకుంటూ వచ్చింది. కాళ్ల నిండా దుమ్ము. చేతిలో రెండు పత్రికలు. కొట్టాయన ఆ రెండు నెలలవీ ఆమె కోసమే దాచి ఉంచాడట.

"నువ్వు చదవొద్దులే, ఒట్టు పెట్టావుగా," అంది. "కాయలు లెక్కపెట్టి చెప్పు చాలు. అది నీ పనేగా."

మొదటిది తెరిచాను. ముప్పై రెండు కాయలు, పిందె. రెండోది తెరిచాను.

పుల్ల నా చేతిలోనే ఉండిపోయింది. చెట్టు రెండు పేజీల నిండా పెరిగి ఉంది. కింద ఆ కుమ్మరి పిల్ల తల పైకెత్తి నిలబడింది. ఒక్కో కాయా నా బొటనవేలంత ఉంది. పలచని తొక్క లోపల, దీపం పెట్టినట్టు, ఒక్కో ముఖం. ముందు పళ్లు లేని ముసలావిడ. తలగుడ్డ వదులైన కుమ్మరి. ముక్కుపుడక పెట్టుకున్న కోడలు. అంతా మొదటి భాగంలో ఆవం చుట్టూ కూర్చున్నవాళ్లే. మాయమైన పల్లె ఇన్నాళ్లూ ఆ చెట్టు మీదే ఉంది. చెట్టు పక్కన రాణి, చేతిలో కొరికిన పండు.

"ఏంట్రా? ఎన్ని?" అంది అక్క.

నేను పెట్టె దగ్గరకు పోయి మొదటి భాగం తీశాను. ఆవం చుట్టూ ఉన్న తలల మీద ఒక్కొక్కటిగా పుల్ల పెట్టి పైకే చెబుతూ పోయాను. సగం కుండ చేస్తున్న తాత, వెనక మట్టి తొక్కుతున్నవాళ్లు, తల్లి ఒళ్లో పసిపిల్ల. నలభై రెండు. మళ్లీ లెక్కపెట్టాను. నలభై రెండే.

"చెట్టుకు నలభై ఒకటేగా," అన్నాను.

"అందులో మట్టికెళ్లిన పిల్ల ఒకతి. అది తప్పించుకుంది," అంది అక్క. ఆమెకు నేను ఇంకా బొమ్మ చెప్పనేలేదు. తలలు లెక్కపెడుతుంటే విని తెలుసుకుంది.

సారె దగ్గరి తాత ముఖం కోసం చెట్టంతా వెతికాను. లేడు. నేను తప్పులని కార్డు మీద రాసిన అంకెలన్నీ పోయిన మనుషులు. వాళ్లు ఒక్కొక్కరే పోతుంటే చూసినవాణ్ణి నేను, లోకంలో ఇంకెవరైనా చూశారో లేదో తెలియదు. చూసి, కోప్పడ్డాను.

పత్రిక అచ్చయ్యే మద్రాసులో ఏ గదిలో కూర్చుని వేశాడో ఆ మనిషి. ఆవగింజంత కాయలు నలభై ఒకటి వేసి, నెలనెలా గుర్తుపెట్టుకుని తగ్గిస్తూ, ఒక్క అక్షరం సాయం అడగకుండా, ఎవరైనా లెక్కపెడతారన్న పూచీ లేకుండా. చూసేవాడు ఒక్కడున్నా చాలనుకుని వేశాడు. ఆ ఒక్కడూ నేనే అయి ఉండి, ఆయన్ని చెట్టు చూడమన్నాను.

"పిందె ఉందా?" అని అడిగింది అక్క.

ఆకు చాటున చిన్న తొక్కలో, పిడికిలి నోట్లో పెట్టుకున్న పసిపిల్ల. పుల్ల పెట్టి చూశాను.

"ఉంది."

"అయితే సరే. ఇప్పుడు మొదటినుంచీ చెప్పు. మూలలు వదలకు."

సాయంత్రం దాకా చెప్పాను. చెబుతూ, ఆ రోజు ఊరుకో అన్నందుకు మనసులో పెట్టుకోవద్దన్నాను. "ఏ రోజు?" అంది.

మర్నాడు ఇద్దరం బస్టాండుకు వెళ్లాం. ఇకనుంచి నెలనెలా కావాలని కొట్టాయనతో చెప్పాను.

"ముట్టుకుంటే ఒట్టన్నారుగదండీ. నలుగురూ విన్నారు. నేనెట్టా అమ్మను?" అన్నాడాయన, నవ్వు ఆపుకుంటూ.

"ఒట్టు వాడిదిగా, కొనేది నేను," అంది అక్క, చెయ్యి చాపి.

పత్రికకు ఇంకో కార్డు రాశాను. పొరపాటు నాదేనని, క్షమించమని. దానికీ జవాబు రాలేదు. ఈసారి నాకు కోపం రాలేదు. ఆయన బొమ్మ వేసుకుంటున్నాడు.

ఆ తర్వాత ప్రతి నెలా, పేజీ తెరవగానే అక్క అడిగే మొదటి మాట పిందె ఉందా అనే. ఉందని చెప్పాక గానీ నన్ను చదవనిచ్చేది కాదు. ఆ చలికాలంలో ఆమెకు ఆపరేషన్ అయింది. మందపాటి అద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చిన వారానికి కొత్త భాగం వచ్చింది. నా చేతిలోంచి తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని, చెట్టు మీద వేలు జరుపుకుంటూ పోయింది. పిందె దగ్గర ఆగింది. పెట్టెలోంచి పాతవన్నీ తెమ్మంది. ఒకదాని పక్కన ఒకటి పరిచి చాలాసేపు చూసింది.

"ఇది పిందె కాదురా ఇప్పుడు," అంది. "నెలనెలా కాస్త కాస్త పెరుగుతోంది. లోపల పిల్ల కూడా."

నేను వంగి చూశాను. నిజమే. అన్ని నెలలూ పుల్ల పెట్టి, ఉందని చెబుతూ వచ్చినవాణ్ణి.

"ఇకనుంచి అక్షరాలు నువ్వు చూసుకో," అంది అక్క, అద్దాలు సర్దుకుని. "బొమ్మలు నేను చూస్తా."