తిరగబడిన ఆరు

సెలవు ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు, వచ్చిందా లేదా అనే అడుగుతారు. ఆ నెల తొమ్మిదిన దేశమంతా తలుపులు మూసుకునే అమరుల దినం ఎలా పుట్టిందో ఆనుపానులన్నీ తెలిసినవాళ్ళలో చివరికి మిగిలింది ఒక్కడే. ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరు. తెలిసి ముప్పై ఒక్క ఏళ్ళు నోరు మెదపలేదు.

అతని అన్న మిల్లులో పని చేసేవాడు. మిల్లు గేటు దగ్గర కాల్పులు జరిగి పదకొండు మంది పోయారు. అందులో అన్న ఒకడు. ఆ రోజు ఆరో తేదీ. ఆ చావుల పుణ్యమా అని గద్దెనెక్కిన ప్రభుత్వం మరుసటి ఏడు ఆ రోజును సెలవుగా ప్రకటించింది. ఉత్తర్వు అచ్చుకొచ్చింది. ఫోర్‌మన్ జాలిపడి, "మీ అన్న సంగతయ్యా. నీ చేత్తోనే పేర్చు," అన్నాడు.

జాలి కూడా ఒక్కోసారి కొంప ముంచుతుంది. కంపోజిటరు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని సీసపు అచ్చులు ఏరి పేర్చాడు. ప్రతి అచ్చుకీ ఒంటిమీద ఒక గాడి ఉంటుంది. గాడులన్నీ ఒకే వైపుకుంటే అక్షరాలు సరిగ్గా నిలబడ్డట్టు. గుడ్డివాడైనా వేలితో తడిమి చెప్పగలడు. అతను తడమలేదు. 6 తలకిందులుగా కూర్చుంది. ప్రూఫు దిద్దినాయన మంత్రిగారి బిరుదులు మూడుసార్లు సరిచూసుకుని, తేదీ జోలికి పోలేదు. మర్నాడు గెజిట్‌లో 9 పడింది.

అది చూసి కంపోజిటరు లబలబలాడుతూ ఫోర్‌మన్ దగ్గరికి పరిగెత్తాడు. "నోరు మూసుకో. ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి. వాళ్ళే చూసి దిద్దుకుంటారులే," అన్నాడాయన.

వాళ్ళు దిద్దుకోలేదు సరికదా, తొమ్మిదికి అర్థం పుట్టించారు. ఆరున నెత్తురు చిందితే, మూడు రోజులు ఏడ్చిన జనం తొమ్మిదిన ప్రతిజ్ఞ చేశారని మొదటి సభలో ఒక వక్త చెప్పాడు. చప్పట్లు మోగాయి. పదేళ్ళు తిరిగేసరికి పాఠ్యపుస్తకంలో కాల్పులే తొమ్మిదిన జరిగాయి. ఒక పండితుడు తొమ్మిది అంకె విశిష్టత మీద పాతిక పేజీలు రాశాడు. ఆ పాతిక పేజీలూ పేర్చింది మన కంపోజిటరే. ఈసారి మాత్రం గాడులన్నీ తడిమి చూసుకున్నాడు.

అతని భార్య పోయాక ఇంట్లో మిగిలింది అతనూ, వదినా. ఆమె ఆసుపత్రిలో బట్టలుతికే పని చేసేది. అక్షరం ముక్క రాదు గాని, మొగుడు పోయిన తేదీ మరిచిపోవడానికి చదువు రాకపోవడం ఒక్కటే సరిపోదు. ఏటా ఆరున సెలవడిగేది, గేటు దగ్గర కాసేపు నిలబడి రావాలని.

"నీ సెలవు తొమ్మిదిన కదమ్మా!" అనేవాడు గుమాస్తా. "ఊరందరికీ సెలవు ఇప్పించినదానివి, నీకేం తక్కువ?"

ఆరున దుప్పట్లు ఉతుకుతూ ఏడ్చేది. తొమ్మిదిన ఆమెను వేదిక ఎక్కించి శాలువా కప్పేవారు. అప్పటికి కళ్ళు ఎండిపోయి ఉండేవి. ఫోటోలాయన విసుక్కునేవాడు. ఇంటికొచ్చి శాలువా మూలకు విసిరేసి, మరిది కంచంలో వడ్డిస్తూ అక్కసంతా వెళ్ళగక్కేది.

"ఆ తొమ్మిది వేసినవాడి చేతులు పడిపోనూ!"

అతను తల వంచుకుని తినేవాడు.

చెయ్యి నిజంగానే పడిపోయింది. ఏళ్ళ తరబడి సీసాన్ని తడిమి తడిమి, కుడి మణికట్టు పట్టు తప్పి వాలిపోయింది. సీసపు విషం, ఈ పనిలో మామూలే అన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ వదినే అన్నం కలిపి ముద్దలు చేసి అతని నోటికి అందించేది. సాయంత్రాలు ఆ చేతికి నూనె రాసేది. రాస్తూ కూడా తిట్టేది, తొమ్మిది వేసినవాణ్ణి.

పదవీ విరమణకు రెండు నెలలుందనగా అతను ఇక తట్టుకోలేకపోయాడు. ఒక్క ఏడైనా ఆమె ఆరో తేదీన ఆ గేటు దగ్గర నిలబడాలి. సెలవుల జాబితా చూసే అధికారి దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. "రాసివ్వండి, చూద్దాం," అన్నాడాయన. ఎడమచేత్తో, వంకర టింకరగా రాసిచ్చాడు.

మూడు వారాలకు జవాబొచ్చింది. ఒక నకలు అమరుడి భార్య పేరిట ఇంటికే వచ్చింది. ఆమె కంచం ముందు కూర్చుని, అప్పుడే ముద్ద చేస్తోంది.

"ఏం రాశారో చదువు, అబ్బాయీ."

రెండే వాక్యాలు. రెండోది మింగేస్తే ఆమెకు తెలిసే దారే లేదు. అతను రెండూ చదివాడు.

"తొమ్మిదవ తేదీ ప్రజల మనసుల్లో స్థిరపడినందున సవరణ అనవసరం. అలనాటి తప్పిదానికి సదరు కంపోజిటరే కారకుడని నమోదు చేయడమైనది."

"ఎవరా కంపోజిటరు?"

"నేనే, వదినా. ఏడుస్తూ పేర్చాను. చూసుకోలేదు."

ఆమె చూపు అతని ఒళ్ళో వేలాడుతున్న మణికట్టు మీద పడింది.

"ఇన్నేళ్ళూ తిట్టానే," అంది. "నా నోరే తగిలిందా నీ చేతికి?"

"సీసం వదినా. డాక్టరు చెప్పాడుగా."

"డాక్టరుకేం తెలుసు, నేను తిట్టిన సంగతి?"

చేతిలోని ముద్దను కంచంలో పెట్టేసి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. అతను ఆ పూట ఎడమచేత్తో తిన్నాడు.

ఆ ఏడు కూడా ఆరున సెలవు దొరకలేదు. తొమ్మిదిన శాలువా కప్పుతుంటే, ముందు వరసలో ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చున్న మరిదిని చూసి ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళకు ఫోటో బాగా వచ్చిందని అందరూ అన్నారు.