ఆయన్ని సన్నం చెయ్యలేదు

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా మేనమామ కూతురు. కూరగాయల సంచి చేతిలో ఉండగానే, చెప్పులు వాకిట్లో విడుస్తూనే మొదలుపెట్టింది.

"వదినా, నీకొక పని తెచ్చినా. కోప్పడకూడదు."

"ముందు చెప్పు."

"ఇద్దరు మగోళ్ళ ప్రేమకథ. పెద్దోళ్ళు వినేది. ఎవరో మన తెలుగాయనే, ఈడ మద్రాసులో ఉండేవాడే రాసినాడు. మా ఆఫీసులో చదివేదానికి గొంతు కావాల. మగ గొంతులన్నీ పారిపోయినాయి. ఇంక నువ్వే."

ఆమె పనిచేసేది కథలను చదివించి, రికార్డు చేసి, ఫోనుల్లో వినిపించే ఒక చిన్న కంపెనీలో. ఆ కంపెనీకి నేను కొన్నేళ్ళుగా ఇంట్లో కూర్చునే చదువుతున్నాను. భక్తి కథలు, పిల్లల కథలు, ఒకసారి చిట్కా వైద్యం మీద ఒక పుస్తకం.

"నేనెందుకే? నాకేం తెలుసు అవన్నీ?"

"నువ్వు కషాయం కాచేది కూడా పూజ చేసినట్టు చదివినావు గదా. ఇదీ అట్లే చదువు, పుణ్యం వస్తాది" అని పకపకా నవ్వింది.

ఎగతాళే. అయినా నేను దాన్ని దీవెనగానే తీసుకున్నాను. నాకు వచ్చినవన్నీ అట్లా తీసుకునే అలవాటు.

చిన్నప్పుడే నాకు బొల్లి వచ్చింది. మొదట పెదవి చివర, తర్వాత కనురెప్పల మీద, వేళ్ళ కణుపుల మీద. బడిలో టీచరమ్మ మా నాయనను పిలిపించి, మిగతా పిల్లల తల్లులు భయపడుతున్నారు, కొన్నాళ్ళు ఇంటిదగ్గరే ఉంచండి అని మెత్తగా చెప్పింది. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు. అక్షరాలు నాకు అవ్వ నేర్పింది. చింతాద్రిపేటలో గడప దాటితే అంతా అరవమే, తెలుగు మా ఇంటి లోపలే బతికేది. చూపు మందగించాక ఆమెకు పొద్దునపూట పద్యాలు నేనే చదివి వినిపించేదాన్ని. ఎక్కడైనా మాట మింగితే ఊరుకునేది కాదు. "దేవుడు వింటా ఉండాడు. సగం సగం పెట్టబాక" అనేది. ఆ గొంతే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. బడి మానిపించిన టీచరమ్మకు కూడా నేను దండం పెట్టుకుంటాను. దెప్పిపొడవడానికి అనడం లేదు. నిజంగానే పెట్టుకుంటాను.

గొంతుకు ముఖం అక్కర్లేదు. మా అమ్మ పట్టుచీరలున్న చెక్క బీరువా తలుపులు రెండూ తెరిచి, వాటి మీదుగా దుప్పటి కప్పి, లోపల ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాను. అదే నా స్టూడియో. బజారు రొద అందులోకి రాదు. పైన వంతెన మీద రైలు పోయేటప్పుడు మాత్రం ఆగాలి.

కథ తెచ్చుకుని చదివాను. అందులో ఇద్దరూ నలభై దాటినవాళ్ళు. ఒకాయన లావుపాటి మనిషి. జారిన ఛాతీ, పొట్ట మీద చారలు. ఎంత ఉక్కపోసినా బనీను విప్పడు. రెండో ఆయన బస్సు డిపోలో పని చేస్తాడు, మాట నెమ్మది. వీళ్ళకొక ఇష్టం ఉంది. లావుపాటాయనకు చేతులు కట్టించుకోవడం ఇష్టం, రెండో ఆయనకు కట్టడం ఇష్టం. మెత్తటి పంచెతో. ముందుగానే ఇద్దరూ ఒక మాట అనుకుంటారు, "కరివేపాకు" అని. ఆ మాట అన్నాడంటే ముడి ఊడిపోవాలి, ఎందుకని అడగకూడదు.

అక్కడిదాకా చదివి కాగితాలు బోర్లించేశాను. దేవుడి ముందు కాసేపు కూర్చున్నాను. ఇలాంటివి నాకు తెలియవు. తెలియనిదాన్ని తప్పు అనేయడం చాలా సులువు. ఆ సులువేమిటో నేను బాగా ఎరుగుదును, చాలామంది దాన్ని నా మీదే వాడారు. అందుకని మళ్ళీ కాగితాలు తీశాను.

ఆ లావుపాటాయన మొదటిసారి బనీను విప్పే చోటు ఒకటుంది. "కళ్ళు మూసుకో" అంటాడు. రెండో ఆయన మూసుకుంటాడు, ఎందుకని అడగడు, బతిమాలడు. చాలాసేపటికి ఈయనే "సరే, చూడు" అంటాడు. ఆ రెండు మాటల మధ్య ఒక పేజీ ఉంది. ఆ పేజీలో ఒక మనిషి తన ఒంటిని తానే చూసుకోవడం తప్ప ఇంకేమీ జరగదు. నేను అద్దంలో ముఖాన్ని ముక్కలుగా చూసుకునేదాన్ని. బొట్టు పెట్టుకునేటప్పుడు నుదురు, కాటుకకు కళ్ళు, ముక్కుపుడకకు ముక్కు. మొత్తంగా ఎప్పుడూ చూసుకోలేదు. ఎవరో ముక్కూ ముఖం తెలియని మగమనిషి ఆ సంగతి ఎట్లా కనిపెట్టి రాశాడా అని ఆశ్చర్యపోయాను. చదువుతానని కబురు పంపించాను.

రికార్డు చేసే ముందు రెండు మూడు సార్లు పైకి చదువుకోవడం నా పద్ధతి. ఒకరోజు పొద్దున అట్లా చదువుకుంటూ, బయట పడకకుర్చీలో నాయన ఉన్న సంగతి మరిచిపోయాను.

"పాపా," అన్నాడు అక్కడినుంచే, "ఎవర్ని కట్టేస్తాండారు?"

చదవడం ఆపేశాను. "కథలో, నాయనా."

"తాడుతోనా?"

"పంచెతో."

"మంచిది. తాడైతే ఒరుసుకుంటాది. కింద మెత్తగుడ్డ పెట్టాల." పేపరు దించి, "కట్టేవాడు అడిగినాడా?"

"ఏమని?"

"నొప్పిగా ఉండాదా అని."

"అడిగినాడు నాయనా. ప్రతి ముడికీ అడుగుతాడు."

"అట్లయితే సరి."

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ దాచిపెట్టి మెప్పు పొందడం నాకు నచ్చలేదు. "ఇద్దరూ మగోళ్ళే, నాయనా" అన్నాను.

"వినబడింది లే. పోయింది మోకాళ్ళు, చెవులు కాదు" అని పేపరు తిప్పాడు.

మా నాయన మోకాళ్ళు పోయేదాకా గుళ్ళో స్వామి వాహనం మోసినవాడు. ఉత్సవం చూసేవాళ్ళకు పూలు కనబడతాయి, నగలు కనబడతాయి. ఆ పూల కింద తాళ్ళుంటాయి. ఉత్సవ విగ్రహాన్ని వాహనం మీద నిలబెట్టి తాళ్ళతో గట్టిగా కట్టకపోతే, బోయీలు అడుగు మార్చినప్పుడల్లా స్వామి ఒరిగిపోతాడు. కట్టేది అర్చకస్వామి, తాడు బిగించి పట్టేది నాయన. ముందు మెత్తటి గుడ్డ చుట్టేవాళ్ళు, ఆపైన తాడు. బిగించేటప్పుడు నాయన విగ్రహం చెవి దగ్గర వంగి, "స్వామీ, నొప్పి లేదు గదా" అనేవాడు. ఎవరూ నేర్పింది కాదు, చేతులు ఊరకే బిగించలేక అనేవాడు. చిన్నప్పుడు తెర పక్కన నిలబడి నేను విన్నాను. నేను దేవుణ్ణీ ఆ కథనూ ఒక తక్కెడలో పెట్టడం లేదు. కట్టు అంటే శిక్షే అనుకునేవాళ్ళు ఉత్సవాన్ని వీధిలోంచి మాత్రమే చూసినవాళ్ళని చెబుతున్నాను.

తర్వాతి వారం ఆఫీసుకు రమ్మన్నారు. టి. నగర్‌లో ఒక నగల కొట్టు పైమేడ. కథలు సరిచూసే ఎడిటరుగారు హైదరాబాదు వైపు ఆయన, మర్యాద తెలిసినవాడు. ఆయన ఎదురుగా రాసినాయన కూర్చుని ఉన్నాడు. కథలోని లావుపాటాయన ఎక్కడినుంచి వచ్చాడో చూడగానే తెలిసింది. పాండీ బజారులో చీరల కొట్టులో సేల్సుమ్యాను, భోజనం టైములో వచ్చాడు. చొక్కా కడుపు దగ్గర లాగి లాగి సర్దుకుంటున్నాడు.

"కథ చాలా బాగుందండీ," అన్నారు ఎడిటరుగారు. "రెండే మార్పులు. హీరో మధ్యలో జిమ్‌కు వెళ్ళి సన్నబడతాడు, ఆ తర్వాతే ప్రేమ చెబుతాడు. వినేవాళ్ళకు ఆశ ఉండాలి కదా. ఇక ఆ కట్టేసుకోవడం... దాన్ని చిన్నప్పటి గాయం అని పెట్టి, ఒక డాక్టరుతో నయం చేయిద్దాం. తీసేయమనట్లేదు, నయం చేయిద్దామంటున్నాను."

మా మామ కూతురు తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. రాసినాయన కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు.

"పరవాలేదు సార్. మార్చేస్తాం. సన్నం చేసేస్తాం."

ఆ "పరవాలేదు" నాకు బాగా తెలిసిన మాట. పెళ్ళిళ్ళకు మమ్మల్ని పిలిచి, పాపను తేకపోయినా పరవాలేదు అంటే, నాయన కంటే ముందు నేనే అనేదాన్ని దాన్ని.

"నేను చదవను," అన్నాను.

"మేడం?"

"రాసింది రాసినట్టుంటే చదువుతాను. ఆయన్ని సన్నం చేస్తే చదవను. నాకు చిన్నప్పటినుంచీ ఆకులు నూరి పూసినారు, నూనెలు పూసినారు, పౌడరు పూసినారు. అన్నీ నయమైనాకనే నువ్వు మనిషివి అన్నట్టు. నయం కాలేదండీ. నేను ఈడ కూర్చోనే ఉండాను గదా."

"మీరు భక్తి కథలు చదివేవారు. మీకెందుకండీ దీని మీద ఇంత పట్టుదల? రేపు ఎవరైనా గొడవ చేస్తే మా కంపెనీ ఏమవుతుందో ఆలోచించారా?"

"గొడవకు భయపడి వద్దనండి, అర్థం చేసుకుంటాను. నయం చేస్తామనబాకండి."

లేచి మెట్లు దిగిపోయాను. వెనకే రాసినాయన దిగి వచ్చాడు, ఆయాసపడుతూ. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. మండిపడ్డాడు.

"మీకేం అక్కా! మీరు ఇంకో కథ చదువుకుంటారు. నాకు ఇదొకటే ఉండేది. సన్నగా అయినా బయటికి రానీ అనుకుంటి. మీరొచ్చి ఉన్నదీ పోగొట్టినారు."

"తప్పయితే క్షమించు నాయనా. పైకి పోయి మార్పులకు నువ్వు ఒప్పుకున్నట్టు చెప్పు, ఇంకెవరైనా చదువుతారు. నీ కథ, నీ ఇష్టం."

ఆయన పోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "కొట్లో ఆడోళ్ళకు చూపించేదానికి చీర నా మీదే వేసుకోవాల అక్కా," అన్నాడు. "కుచ్చిళ్ళు పెట్టి, పైట వేసి. పక్క కౌంటరు వాడు వేసుకుంటే చీర చూస్తారు. నేను వేసుకుంటే నన్ను చూసి నవ్వుతారు. ఒకామె ఫోన్లో వీడియో కూడా తీసింది. ఆ రాత్రి రాసినా మొదటి పేజీ. ఆ మనిషిని ఎవరైనా ప్రేమగా చూస్తే ఎట్లుంటాదో చూద్దామని."

"మరి సన్నం చేస్తే ఎవర్ని చూసినట్టు?"

నేను మా నాయన మాట చెప్పాను, మెత్తగుడ్డ సంగతి, స్వామి చెవిలో అడిగే మాట. ఆయన మొదట నవ్వాడు. "నిజంగా అడిగేవాడా?" అని రెండోసారి అడిగినప్పుడు నవ్వు లేదు. ముఖం కర్చీఫుతో గట్టిగా రుద్దుకుని మెట్లెక్కాడు. నేను కిందే ఉన్నాను. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఆయన కాగితాల కట్ట ఉంది.

"ఇచ్చేసినారక్కా," అన్నాడు. "నేనే అడిగి తీసుకున్నా. కాళ్ళు ఆడతా ఉండాయి."

"నావీ అంతే," అన్నాను.

సాయంత్రం మా మామ కూతురు వచ్చింది, ఈసారి సంచి లేకుండా. "మీ ఇద్దరికీ పిచ్చి. రికార్డు చేసివ్వండి, కోసి అతికించేది నేను చేస్తా. ఆఫీసులో తెలిస్తే నన్నూ కోసేస్తారు, అది గుర్తుపెట్టుకో వదినా."

అట్లా ఆ కథను మా బీరువాలో కూర్చుని మేమే రికార్డు చేశాం. సెలవు రోజున ఆయన వచ్చి నాయన కుర్చీ పక్కన కూర్చుని వినేవాడు. ముడులు వేసే చోట నాయన ఏదో ఒకటి సరిదిద్దేవాడు, ఆయన సిగ్గుపడుతూ రాసుకునేవాడు. వారానికొక భాగం చొప్పున ఇంటర్నెట్టులో ఎవరైనా ఊరికే వినేటట్టు పెట్టాం. ఇది పెద్దలకు మాత్రమే అని ప్రతి భాగం మొదట్లో నేనే చెప్పాను. రాసినాయన పేరు పెట్టలేదు, అది ఆయన కోరిక. చదివింది నేనని, ఫోను నంబరుతో సహా పెట్టాం, అది నా కోరిక.

తెలిసిపోయింది, తెలియకుండా ఎట్లుంటుంది. మా భజన గోష్ఠిలో మొదటి పాట ఎత్తుకునేది ఎప్పుడూ నేనే. ఒక శనివారం పెద్దామె, "ఇంక నువ్వు వెనక కూర్చోమ్మా, ఆ నోటితో ఎట్లా..." అంది. నేను వెనక కూర్చోలేదు. ఇంటికొచ్చి, దీపం పెట్టి, అదే పాట మొదటినుంచి చివరిదాకా పాడుకున్నాను. ఆ గోష్ఠి నాకు తాళం నేర్పింది, ఆ రుణం నేను మరవను. కానీ ఈ నోరు ఒకటే. పద్యం చదివిందీ ఇదే, "సరే, చూడు" అని చదివిందీ ఇదే. ఒకదానికోసం రెండోదాన్ని కడుక్కోవాలని నాకు ఇప్పటికీ అనిపించలేదు.

వినేవాళ్ళు తిట్టారు, మెచ్చుకున్నారు, కరివేపాకు మీద జోకులు పంపారు. చివరి భాగం ఇంకా పెట్టని ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. పెద్దవయసు గొంతు, మా వైపు తెలుగే. పురసవాక్కంలో ఉంటానని మాత్రం చెప్పాడు, పేరు చెప్పలేదు.

"చదివేది మీరేనామ్మా?"

"నేనేనండీ."

"ఒకటి అడగాల. రేపు చివరిదంట గదా." ఊపిరి తీసుకున్నాడు. "ఆ లావాయన్ని... చివర్లో మార్చేయరు గదా? సన్నబడినాడనో, చచ్చిపోయినాడనో, పెళ్ళి చేసుకున్నాడనో చెప్పరు గదా? చెప్పేటట్టయితే ముందే చెప్పండమ్మా. నేను ఈడితో ఆపేస్తా."

"మార్చలేదండీ. అట్లే ఉండాడు. ఇద్దరూ ఉండారు."

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినబడింది.

"అట్లనా," అన్నాడు. "అయితే రేపు వింటాను."

మళ్ళీ చెయ్యలేదు. విన్నాడో లేదో, ఇంట్లో ఎవరితో ఉంటాడో, ఎన్ని కథలను మధ్యలో ఆపేసి ఆ వయసుకు వచ్చాడో నాకు తెలియదు. మీరు నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు, రాసినాయన తన పేరే వద్దన్నాడు. కానీ మీ ఇంట్లో దీపం పెట్టే అలవాటుంటే, లేకపోతే ఊరికే కళ్ళు మూసుకున్నప్పుడైనా సరే, పురసవాక్కంలో ఉండే ఆ పెద్దాయన్ని ఒక్కసారి తలుచుకోండి.