పసుపంటిన జానెడు బొంత

చిన్నప్పుడు విజయవాడలో మా పక్కవాటాలో ఉండే ఆంటీ పోయారని మొన్న పామర్రు నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ నిద్రలోనే పోయింది. ముందు నీకే చెప్పాలనిపించింది" అంది. కాసేపు ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది. ఆంటీని తలుచుకుంటే నాకు నవ్వు రాకుండా ఉండదు.

ఆంటీ భర్త టైలరు. షాపులో మిగిలిన పీలికలతో ఆంటీ పిల్లల బొమ్మలకు జానెడు బొంతలు కుట్టేవారు. పాత శుభలేఖల అట్టను రూపాయి బిళ్లంత ఆరుపలకల ముక్కలుగా కత్తిరించి, ఒక్కోదాని మీదికి గుడ్డ మడిచి, అంచుకు అంచు కలిపి కుట్టాలి. శుభలేఖ మీది వినాయకుణ్ణి మాత్రం విడిగా కత్తిరించి మా అమ్మకిచ్చేవారు. "దేవుడి మీద సూది దించకూడదమ్మా" అనేవారు. పూజగదిలో ఇక చోటు లేదని అమ్మ నవ్వేది.

నేనూ పక్కన చేరి కుట్టేదాన్ని కానీ, నాది తొందర చెయ్యి. చుట్టూ కుట్టకముందే అట్ట లాగేస్తే ముక్క వంకర పోయేది. "ఆరు వైపులా తోడు దొరికాకే లాగాలే పిల్లా" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా టైలరు గారు పోయారు. ఆయన బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేసి, రంజాన్‌కి వేసుకున్న తెల్ల లాల్చీలోంచి చిన్న ముక్క ఒక్కటే ఆంటీ దాచుకున్నారు. మరుసటేడు మనవరాలు పుట్టింది. తాతను చూడని ఆ పిల్ల బొమ్మ కోసం కుట్టే బొంతకు నడిమధ్యన ఆ ముక్క. దానికి అట్ట కత్తిరించే పని నాది.

కుట్టడం అయ్యాక, అట్టలు లోపల ఉండగానే నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే, తెల్ల ముక్క మీద పచ్చగా తేలింది. నేను కత్తిరించింది శుభలేఖ మూల, పసుపు రాసిన చోటు!

గాభరాగా అట్టలన్నీ లాగేసి సబ్బు రుద్దాను. పసుపు కాస్తా ఎర్రబడింది. నా ఏడుపు వీధంతా వినపడింది. మిగిలిన ఒక్క గుర్తునూ పాడుచేశాను, ఇక నన్ను గడప తొక్కనివ్వరనుకున్నాను.

ఆంటీ మంచినీళ్లతో జాడించారు. మళ్లీ పసుపు తేలింది.

"ఎండలో వేస్తే పోద్దాంటీ" అంటూ డాబా మీదికి పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"పోవడమెందుకే? మీ అంకుల్ కుట్టిన జాకెట్లేసుకుని ఈ వీధిలో ఎంతమంది పెళ్లికూతుళ్లయ్యారో! ఆయన గుడ్డకి పసుపంటితే మరకెట్టా అవుద్ది? నీడన ఆరెయ్."

వరండాలో తీగ మీద ఆరేశాను. ఆంటీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎండ జరిగి దగ్గరికొచ్చినప్పుడల్లా లేచి, బొంతను ఇంకాస్త లోపలికి జరిపారు.