మొదటి విడత క్యాసెట్

పాపకు మాట రాదేమో.

పదహారు నెలలు నిండినా "అమ్మ" అనలేదు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. కెమిస్ట్రీ చదివిన అలవాటు కొద్దీ, పాప చేసే శబ్దాలన్నిటికీ తేదీలు వేసి నోటు పుస్తకంలో రాసేదాన్ని. ఫిల్మ్‌నగర్‌లో మా వీధి చివర లీలాకుమారి గారి ఆరుబయలు వేదిక ఉంది. మధ్యాహ్నం రిహార్సల్స్ జరిగేటప్పుడు పెద్ద స్పీకర్ల వైపు పాప తల తిప్పుతుందో లేదో చూద్దామని ఎత్తుకుని వెళ్ళేదాన్ని. ఆవిడతో పరిచయం అలా అయింది.

ఇప్పుడు జంటనగరాల్లో సినీ సంగీత విభావరి పెట్టాలంటే చాలామంది ముందు ఆవిడ కంపెనీకే కబురు పంపుతారు. పదిహేనేళ్ళ కిందట ఆవిడ ట్రాక్ గాయని. బాణీ కుదరగానే పాటను ముందు ఎవరో ఒక మామూలు గాయని చేత పాడించి రికార్డు చేస్తారు. అదే ట్రాక్. పేరున్న గాయని మద్రాసు నుంచి వీలు చూసుకుని వచ్చి, దాన్ని విని నేర్చుకుని పాడుతుంది. ఆ తరవాత ట్రాక్ గొంతు తుడిచేస్తారు. భీమవరం నుంచి తల్లితో వచ్చిన లీలాకుమారి గారు నాలుగేళ్ళలో రెండు వందల పాటలు అలా పాడారు. ఒక్కటీ మిగల్లేదు.

1986లో ఒక పొరపాటు జరిగింది. పెద్ద గాయని ఆలస్యంగా వచ్చి పాడింది. విడుదల తేదీ ముంచుకొచ్చిన హడావిడిలో, చూడటానికి ఒకేలా ఉన్న రెండు టేపు డబ్బాల్లో ట్రాక్ ఉన్నది క్యాసెట్ కంపెనీకి వెళ్ళిపోయింది. మొదటి విడత మూడు వందల క్యాసెట్లు ఆవిడ గొంతుతోనే దుకాణాలకు చేరాయి. శ్రీనగర్ కాలనీలో ఒక టీకొట్టు ముందు నడుస్తుండగా తన పాట తనకే వినపడింది. ఇంటికి పరుగెత్తి తల్లిని తీసుకొచ్చేసరికి కొట్టులో ఇంకేదో పాట వస్తోంది. నాలుగు రోజుల్లో కంపెనీ ఆ విడతను వెనక్కి తెప్పించింది. తప్పు ఎవరిదైనా చిరాకు మాత్రం ఆవిడ మీద మిగిలింది. ట్రాక్ పాడమని పిలవడం మానేశారు.

అప్పుడు తబలా, హార్మోనియం వాళ్ళిద్దరితో, ఇంకో గాయకుడితో కలిసి ఆర్కెస్ట్రా పెట్టారు. మోతీనగర్ వినాయకుడి పందిళ్ళతో మొదలుపెట్టి, పెళ్ళిళ్ళకు, ఆ తరవాత వరంగల్, విజయవాడ మైదానాలకు వెళ్ళారు. అద్దె స్పీకర్లు ప్రతిసారీ గరగరమంటుంటే సొంతవి చేయించి, అవే మిగతా ఆర్కెస్ట్రాలకు కిరాయికి ఇచ్చారు. 1993లో ఎవరూ ఇల్లు కట్టుకోని రాతి వాలును లీజుకు తీసుకున్నారు. రాయిని పగలగొట్టకుండా మెట్లుగా చెక్కిస్తే వెయ్యిమంది కూర్చునే చోటు తయారైంది. ఆ వేదిక మీద పాడని గాయకులు లేరు, ఆవిడ తప్ప.

పోనీ ఆ క్యాసెట్ పాటైనా ఎందుకు పాడరని అడిగాను.

"ఆ పాట ఇప్పుడు పెద్దావిడది అయిపోయిందండీ. నేను పాడితే అచ్చం ఆవిడలాగే పాడిందంటారు. మొదట పాడింది నేనేనని చెప్పుకు తిరగనా?"

కానీ ప్రతి విభావరిలోనూ ఒక ప్రకటన చేయించేవారు. ఫలానా సినిమా మొదటి విడత క్యాసెట్ ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చివ్వండి, మీ కుటుంబానికి ఎప్పుడూ ముందు వరసలో కుర్చీలు అని. ఐదేళ్ళలో చాలామంది తెచ్చారు. అన్నిట్లోనూ పెద్ద గాయని గొంతే.

మొన్న మార్చిలో నేను అక్కడ ఉండగానే బోరబండ నుంచి మంజులత అనే ఆమె వచ్చింది. కొంగు చాటు నుంచి క్యాసెట్ తీసింది గానీ, ఇవ్వడానికి చేయి రాలేదు.

"అక్కా, కోపం చెయ్యొద్దు. మా పిల్లగానికి అప్పుడు ఏడాది. కొత్త క్యాసెట్ యాడికెళ్ళి తెస్తం? చిల్లులకు కాగితం అంటబెట్టి దీని మీదనే వాని మాటలు నింపినం. మొదట్ల జర పాట మిగిలింది."

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి; పాటల క్యాసెట్లకు వాటిని విరిచేసి పంపుతారు, ఆ చిల్లులు మూస్తే తప్ప మళ్ళీ రికార్డు కాదు. సౌండు చూసుకునే చలపతిరావు ఆ క్యాసెట్‌ను డెక్‌లో పెట్టారు. పెద్ద స్పీకర్లలోంచి పల్లవి వచ్చింది. ఇరవై ఏళ్ళ అమ్మాయి గొంతు, ఎక్కడా వణుకు లేదు. లీలాకుమారి గారు రాతి మెట్టు మీద కూర్చుండిపోయారు. చరణం ఎత్తుకోబోతుండగా టక్కుమని చప్పుడైంది. "బ్బు... బ్బు..." అని ఒక పసివాడు. వెనకాల ఒక ముసలామె: "కాకి ఏమంటున్నదిరా నా కొడుకా, గట్టిగ చెప్పు."

పిల్లాడి గొంతుకు నవ్విన మంజులత ఆ మాటకు ఏడ్చింది. ఆ ముసలామె వాళ్ళత్త కొమురమ్మ. పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో టేపు రికార్డరు చెడిపోయాక ఆ గొంతు మళ్ళీ వినలేదట.

రెండో వైపూ పిల్లాడి మాటలే; పాట మిగతాది ఎక్కడా లేదు. పల్లవి మటుకు కాపీ తీసి, పిల్లాడిది వదిలేస్తానని చలపతిరావు అన్నారు.

"మొత్తం తియ్యండి. నా గొంతు మీద పాడినవాళ్ళలో వీడే నయం," అన్నారు ఆవిడ. కాపీ అయ్యాక క్యాసెట్ చిల్లుల మీద కాగితాన్ని గోటితో గీకి తీసేసి, మంజులత చేతిలోనే తిరిగి పెట్టారు. "మీ అత్తగారి మీద ఇంకెవరూ పాడకుండా చూసుకో అమ్మా." ముందు వరస కుర్చీల మాట కూడా నిలబెట్టుకున్నారు.

ఆమె వెళ్ళిపోయింది. నా పాప మెట్టు మీద చేత్తో కొడుతూ "ంబా, ంబా" అంటోంది. నేను నోటు పుస్తకం తీశాను. లీలాకుమారి గారు చూశారు. ఆ రోజు చెప్పిన మాటే ఇప్పుడు ప్రతి ఆదివారం పాటిస్తున్నాను.

"మాట ఎప్పుడో వస్తుందండీ. వచ్చాక ఈ ంబా అడిగినా అనదు. రాస్తే గొంతు రాదు కదా, క్యాసెట్ చెయ్యండి. చెయ్యగానే ఆ వెనక ముక్కలు రెండూ విరిచెయ్యండి, మళ్ళీ మీరే తుడవకుండా."