మెట్టెత్తు

మా తాత నలభై ఏళ్లు దర్జీ పని చేశాడు. మనిషి మొహం మర్చిపోయినా నడుం కొలత మర్చిపోడు. దుకాణం మూసేసినా టేపు మాత్రం మెడలోంచి దిగలేదు. స్నానానికి తీస్తే మెడ బోసిగా ఉందని విసుక్కుంటాడు. ఈసారి అందరం అడవిలో కలుద్దామని చుట్టాలంతా తీర్మానించి, చోటు చూసే పని ఆయన నెత్తిన పెట్టారు. ఎవరిని అడిగినా "నీ ఇష్టం" అన్నారు. ఆయన మాత్రం ఒక్క మనిషిని మనసులో పెట్టుకునే చోటు వెతికాడు. కిందటిసారి వాళ్లక్కను మేనల్లుళ్లు కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించి, "పెళ్లికూతురొచ్చిందోయ్!" అని నవ్వారు. ఇక ఏ కలయికకూ రానని ఆవిడ ఒట్టేసుకుంది. ఆవిడ కాలు ఆరంగుళాలకు మించి లేవదు.

అందుకని బస్సులు మారి మారి నాలుగు అడవి బంగళాలు తిరిగాడు. వెళ్లగానే ఉస్సురంటూ గుమ్మం ముందు చతికిలబడి మెట్టెత్తు కొలిచేవాడు. తొమ్మిది, పది, మళ్లీ తొమ్మిది. మూడో చోట కాపలాదారు, "ఇక్కణ్నుంచి పులి కనిపిస్తుంది తాతగారూ!" అని ఊరించాడు. "పులి మెట్లెక్కగలదు నాయనా, మా అక్క ఎక్కలేదు," అని తాత టేపు చుట్టేశాడు. నాలుగో బంగళా మెట్టు అయిదున్నర. దానిమీదే కూలబడి ఫోన్ చేశాడు.

"అక్కా, అయిదున్నరే. నిన్నెవరూ ఎత్తక్కర్లేదు."

"సరేలేరా, వస్తాను. అడవి బాగుందా?"

తాత తల తిప్పబోయి, మెడ పట్టేయడంతో మానుకున్నాడు.

"ఏమో అక్కా, నేనింకా చూళ్లేదు."